పసిపిల్లలతో తిరుపతి జూ పార్కులో ఒక పూట

సెలవులు దగ్గర పడుతున్నాయంటే చాలు, పిల్లలను ఎక్కడికి తీసుకువెళ్లాలన్న చర్చ ప్రతి ఇంట్లోనూ మొదలవుతుంది. చిత్తూరు, పలమనేరు, మదనపల్లె ప్రాంతాలవారి మాటల్లో రెండు పేర్లు తప్పక వినిపిస్తాయి. బెంగళూరు దాటాక బిడది వద్ద 2005లో ప్రారంభమైన వండర్‌లా ఒకటి. చెన్నైలో సముద్రతీరపు రోడ్డు మీద ఉన్న వి.జి.పి. యూనివర్సల్ కింగ్‌డమ్ మరొకటి. పదేళ్లు దాటిన పిల్లలున్న ఇంటికి ఇవి బాగానే ఉంటాయి. ఐదేళ్లలోపు పిల్లలున్న కుటుంబానికి మాత్రం ఇటువంటి చోట్ల ముందుగా ఎదురయ్యేది ఎత్తు కొలిచే గీత. ఆ గీతకు తల అందని పిల్లవాడు పెద్ద పెద్ద ఆటలన్నిటినీ కింద నిలబడి చూడవలసిందే. అది వాడి క్షేమం కోసం పెట్టిన నియమం. తప్పు పట్టడానికి లేదు. అయితే రెండు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి, ఒకరు పైన తిరుగుతూ ఉంటే మరొకరు కింద బిడ్డను ఎత్తుకొని నిలబడడం కుటుంబ విహారం ఎలా అవుతుందన్నది మా సందేహం.

చిత్రమేమిటంటే, ఇలాంటి పార్కుల ఆలోచన పుట్టిందే ఈ ఇబ్బంది నుండి. వాల్ట్ డిస్నీ తన ఇద్దరు కూతుళ్లను లాస్ ఏంజెలెస్‌లోని గ్రిఫిత్ పార్కుకు తీసుకువెళ్లేవాడట. వాళ్లు రంగులరాట్నం మీద తిరుగుతూ ఉంటే తాను బెంచీ మీద కూర్చొని వేరుశనగలు తింటూ, తల్లిదండ్రులూ పిల్లలూ కలిసి ఆనందించే చోటు ఒకటి ఉంటే బాగుండును కదా అనుకునేవాడినని ఆయనే తరువాత చెప్పుకున్నాడు. 1955 జూలై 17న డిస్నీల్యాండ్ తెరుచుకున్నది. డెబ్బై ఏళ్లు గడిచాయి. పసిపిల్లల తల్లిదండ్రులు ఇప్పటికీ ఆ బెంచీ మీదనే కూర్చొని ఉన్నారు.

మా ఇంట్లో పెద్దమ్మాయికి నాలుగేళ్లు, అబ్బాయికి రెండున్నర, చిన్నపాపకు ఎనిమిది నెలలు. మోకాళ్ల నొప్పులతో దాదీమా. ఈ నలుగురినీ ఒకేసారి సంతోషపెట్టగల చోటు కోసం వెతికి, చివరకు ఇంటికి డెబ్బై కిలోమీటర్ల దూరంలో ఉన్న తిరుపతిని ఎంచుకున్నాము. తిరుపతి అనగానే దేశమంతటికీ ఒకే దృశ్యం కనబడుతుంది. ఈ చుట్టుపక్కల ఊళ్ల ముస్లిం కుటుంబాలకు అది మరొక విధంగా పరిచయమైన పట్నం. రుయా ఆసుపత్రి, స్విమ్స్ ఆసుపత్రి, విశ్వవిద్యాలయాలు, దూరపు రైళ్లు ఎక్కే స్టేషను. అంటే మేము ఆ ఊరికి వెళ్లేది ఎక్కువగా జబ్బుతోనో, పరీక్షతోనో. ఊరికే పిల్లలను తిప్పడానికి వెళ్లడం మాకు ఇదే మొదటిసారి.

శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాల 1987 సెప్టెంబరు 29న ఏర్పడింది. శేషాచలం కొండల పాదాల దగ్గర దానికి కేటాయించిన స్థలం 5,532 ఎకరాలు. ఈ అంకె ఎంత పెద్దదో తెలియాలంటే పక్కన మరికొన్ని అంకెలు పెట్టి చూడాలి. హైదరాబాదులోని నెహ్రూ జూ పార్కు 380 ఎకరాలు, విశాఖపట్నంలోని ఇందిరా గాంధీ జూ పార్కు 625 ఎకరాలు. చెన్నై దగ్గరి వండలూరు జూ పార్కు సుమారు 1,500 ఎకరాలు. విస్తీర్ణాన్ని బట్టి దేశంలోని పెద్ద జంతు ప్రదర్శనశాలలలో తిరుపతి పేరు ముందు వరుసలో చెబుతారంటే ఆశ్చర్యం లేదు. అయితే ఇందులో చాలా భాగం అడవే. సందర్శకులు తిరిగేది అందులో కొద్ది భాగం మాత్రమే. ఆ కొద్ది భాగమైనా రెండున్నరేళ్ల కాళ్లకు ఒక జిల్లాతో సమానం.

వెళ్లడానికి ముందు రాత్రే దాదీమా ఒక షరతు పెట్టారు. “నాలుగు జంతువులు చాలు. మధ్యాహ్నం ఎండ ముదిరేలోగా బయటపడాలి. అన్నీ చూడాలనుకుంటే నన్ను ఇంట్లోనే వదిలి వెళ్లండి.” ఆమె మాట మాకు వెంటనే రుచించలేదు. టికెట్టు కొని లోపలికి వెళ్లినవారు అన్నీ చూసి రావాలనుకోవడం సహజం. మాలో ఒకరు అప్పటికే సఫారీ ఎన్ని గంటలకు, పాముల గది ఎటువైపు, బ్యాటరీ బండి ఎక్కడ ఎక్కాలి అని వరుసగా రాసి పెట్టుకొని ఉన్నారు. ఆ కాగితం రోజంతా జేబులోనే ఉండిపోయింది.

జనవరి చివరి వారం. ఫజర్ నమాజు ముగించుకొని మొదటి బస్సు అందుకున్నాము. పూతలపట్టు, పాకాల దాటాక రోడ్డుకు రెండు వైపులా మామిడి తోటలు పూత మీద ఉన్నాయి. కిటికీలోంచి వచ్చే చలిగాలిలో కూడా ఆ వాసన తెలుస్తూనే ఉంది. చంద్రగిరి దగ్గర కొండ మీద కోట గోడ కనబడింది. విజయనగర రాజుల చివరి రాజధానులలో అదొకటి. 1646లో గోల్కొండ వారి చేతికి వచ్చింది. పిల్లలు నిద్రలో ఉన్నారు కనుక ఆ చరిత్రను పెద్దవాళ్లమే నెమరు వేసుకున్నాము. తిరుపతి బస్టాండులో దిగి ఆటో మాట్లాడుకొని, పార్కు గేటు బయట చెట్టు నీడలో డబ్బాలు విప్పాము. ఇడ్లీలు, ఉడికించిన గుడ్లు, చిన్నవాడికి పెరుగన్నం. లోపలికి వెళ్లాక ఆకలి తీర్చడం కన్నా, ఆకలి తీర్చి లోపలికి తీసుకువెళ్లడం తేలిక.

గేటు దాటాక మొదటి అరగంటలో మేము నడిచినది వంద గజాలు ఉంటుందేమో. చిన్నవాడికి ముందుగా చీమల బారు దొరికింది. అది ఎక్కడి నుండి ఎక్కడికి పోతున్నదో తేల్చుకొనేవరకు వాడు కదలలేదు. ఆ తరువాత ఉడుత. అటుపైన నీళ్లు కారుతున్న పైపు. కంచెకు అవతల దుప్పుల గుంపు నిలబడి మా వైపే చూస్తున్నది. వాడు దానివైపు చూడలేదు. పెద్దమ్మాయి మాత్రం దుప్పులను లెక్కపెట్టి, పదకొండు దగ్గర తప్పిపోయి, మళ్లీ మొదటి నుండి మొదలుపెట్టింది. మా పక్క నుండి ఒక కుటుంబం వడివడిగా వెళ్లిపోయింది. ఏడుస్తున్న బిడ్డను తండ్రి భుజం మీద వేసుకొని “ఏనుగు, ఏనుగు, అదిగో ఏనుగు” అంటూ నడుస్తున్నాడు. ఏనుగు ఇంకా చాలా దూరంలో ఉంది.

పసిపిల్లల చూపు ఎంత దూరం పోతుందో పెద్దలకు గుర్తుండదు. పెద్ద ఆవరణలో, దూరంగా, చెట్ల నీడలో కదలకుండా పడుకున్న జంతువును గుర్తుపట్టడం రెండేళ్ల పిల్లవాడికి కష్టం. మనం వేలు చూపిస్తే వాడు వేలునే చూస్తాడు. అందువల్ల ఒక్కొక్క చోట కూర్చున్నాము. నిలబడి చూడడం వేరు, కూర్చొని చూడడం వేరు. పావుగంట కూర్చుంటే జంతువు ఒక్కసారైనా కదులుతుంది, లేస్తుంది, నీళ్లు తాగుతుంది. అప్పుడు చూపించనక్కరలేదు, పిల్లవాడే చూస్తాడు.

సింహాల దగ్గర మేము గంటకు పైగా ఉన్నాము. ఆ పూట మొత్తంలో మాకు దక్కినదంతా అక్కడే దక్కింది.

మేము వెళ్లేసరికి మగసింహం చెట్టు కింద నిద్రపోతున్నది. సింహాలు రోజులో పదహారు గంటలకు తక్కువ కాకుండా విశ్రాంతి తీసుకుంటాయి కనుక నిద్రపోతున్న సింహమే అసలైన సింహం. పెద్దమ్మాయికి ఇది నచ్చలేదు. “దాదీమా, ఇది లేవదా? ఏమీ చేయదా?” అని అడిగింది. దాదీమా బెంచీ మీద కాళ్లు చాచుకొని నవ్వారు. “నేను నీ అంత ఉన్నప్పుడు చేసేదమ్మా. మా ఊరికి సర్కసు వచ్చినప్పుడు సింహం స్టూలు మీద కూర్చునేది. మంట పెట్టిన రింగులోంచి దూకేది. కొరడా చప్పుడైతే చాలు, తల వంచేది.”

“ఎందుకు దూకేది?”

“దూకకపోతే కొట్టేవారు.”

ఆ అమ్మాయి కొంతసేపు మాట్లాడలేదు. తరువాత నిద్రపోతున్న సింహాన్ని చూసి, “దీన్ని ఎవరూ లేపకూడదు కదా” అన్నది.

ఈ సంభాషణకు తిరుపతిలో ఒక ప్రత్యేకమైన అర్థముంది. సర్కసులలో ఎలుగుబంట్లు, కోతులు, పులులు, చిరుతలు, సింహాలతో ఆటలు ఆడించడాన్ని 1998లో కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. సర్కసు యజమానులు కోర్టుకు వెళ్లగా 2001లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని సమర్థించింది. మరి అప్పటివరకు డేరాలలో, చిన్న చిన్న బోనులలో బతికిన సింహాలు, పులులు ఎక్కడికి పోవాలి? వాటికి వేటాడడం తెలియదు. అడవిలో వదిలితే బతకవు. అందుకని దేశంలో కొన్ని చోట్ల వాటికోసం పునరావాస కేంద్రాలు నెలకొల్పారు. వాటిలో ఒకటి ఈ తిరుపతి జంతు ప్రదర్శనశాలకు అనుబంధంగా ఏర్పడింది. మరొకటి విశాఖపట్నంలో ఉంది. ఆ సింహాలలో చాలావాటికి ఆసియా, ఆఫ్రికా జాతులు కలిసిపోయాయి కనుక వాటి సంతతిని పెంచకుండా, ఉన్నంతకాలం తిండి, వైద్యం అందించి సాకాలన్నది ఏర్పాటు. సంరక్షణలో ఉన్నా సింహం ఆయుష్షు ఇరవై ఏళ్లకు కాస్త అటూ ఇటూ. ఆనాడు రింగులలోంచి దూకిన సింహాలను నేటి పిల్లలు చూడలేరు. దాదీమా తరం చప్పట్లు కొట్టిన ఆటగాళ్లు ముసలివాళ్లై వచ్చి ఈ కొండల కింద కన్ను మూశారన్నమాట.

ఈ విషయం మేము చెప్పగా దాదీమా చాలాసేపు ఆ వైపే చూస్తూ ఉండిపోయారు. “మేము డబ్బిచ్చి చూశాము” అని మాత్రం అన్నారు.

ఇంతలో పెద్దమ్మాయి అసలు ప్రశ్న వేసింది. “దీనికి అన్నం ఎవరు పెడతారు? తలుపు తీస్తే ఇంటికి వెళ్లిపోతుందా?” జంతు ప్రదర్శనశాలలను గురించి పండితులు చేసే వాదోపవాదాలన్నీ ఈ రెండు ప్రశ్నల చుట్టూ తిరిగేవే. దాదీమా తనకు తెలిసిన విధంగా జవాబు చెప్పారు. పిల్లిని కట్టివేసి, తాను తిండి పెట్టక, దాని తిండి అది వెతుక్కోవడానికి వదలక చంపిన స్త్రీని గురించి దైవప్రవక్త (స) చెప్పిన సంగతిని చిన్న కథలాగా వినిపించారు. “కట్టివేసినవాళ్ల మీద దాని ఆకలి బాధ్యత ఉంటుంది. ఇక్కడ పెడుతున్నారు. పెట్టకపోతే అల్లాహ్ అడుగుతాడు.” రెండవ ప్రశ్నకు ఆమె జవాబు చెప్పలేదు. మేమూ చెప్పలేదు.

ఆ ఆవరణలో మనకూ సింహానికీ మధ్య ఇనుప కడ్డీలు లేవు. లోతైన కందకం, ఇటువైపు గోడ, కంచె. జంతువును బోనులో కాక బహిరంగ ఆవరణలో ఉంచి, కడ్డీలకు బదులు కందకంతో వేరు చేసే పద్ధతిని 1907లో జర్మనీలోని హాంబర్గ్ వద్ద కార్ల్ హాగెన్‌బెక్ తన జంతుశాలలో ప్రవేశపెట్టాడు. కడ్డీలు లేకపోవడం కంటికి హాయిగా ఉంటుంది. పసిపిల్లలున్నవారు ఆ హాయిలో మైమరచిపోకూడదు. 2024 ఫిబ్రవరిలో ఇదే పార్కులో ఒక వ్యక్తి కంచె దాటి సింహం ఉన్న ఆవరణలోకి దూకి ప్రాణం పోగొట్టుకున్నాడు. అతడు తెలిసి దూకినవాడు. మేము కూర్చున్న గంటలో ఇద్దరు తండ్రులు ఏమీ తెలియని పిల్లలను పిట్టగోడ మీద కూర్చోబెట్టి ఫోటోలు తీయడం కళ్లారా చూశాము. ఒక బిడ్డ కాళ్లు అవతలివైపు వేలాడుతున్నాయి. దాదీమా ఉండబట్టలేక, “నాయనా, బిడ్డను దించు, ఫోటో కింద కూడా వస్తుంది” అని గట్టిగా అన్నారు. ఆయన మొహమాటంగా నవ్వి దించాడు. ముందు ముఖం చిట్లించి, తరువాత దించి ఉన్నా ఆమెకు పట్టింపు ఉండేది కాదు.

సఫారీ గురించి మాలో భేదాభిప్రాయం వచ్చింది. ఇనుప వల బిగించిన వాహనంలో కూర్చొని సింహాల మధ్యకు వెళ్లిరావడం పెద్దమ్మాయికి ఎంతో ఇష్టంగా ఉంది. సరిగ్గా ఆ సమయంలోనే దూరంగా ఒక సింహం గర్జించింది. సింహగర్జన ఎనిమిది కిలోమీటర్ల వరకు వినిపించగలదని చదివినవాళ్లమే. అయినా అది చెవికి వినిపించడం కాదు, పొట్టలో వినిపించడం. చిన్నవాడు గుక్క తిప్పుకోకుండా ఏడ్చి, మా మెడను చుట్టుకొని వదలలేదు. “మగపిల్లవాడివి, భయమేమిటి” అన్నవారు పక్కన ఉన్నారు. మాకు ఆ మాట సరిపడదు. అంత పెద్ద చప్పుడుకు భయపడడం ఆ వయసుకు సహజం, అవసరం కూడా. భయం లేని పిల్లవాడిని ఆ పిట్టగోడ దగ్గర ఎవరు ఆపగలరు? చివరకు ఒకరం పెద్దమ్మాయితో సఫారీకి వెళ్లాము. మిగిలినవారం చిన్నవాడితో చీమల దగ్గరికి తిరిగి వెళ్లాము. వెళ్లినవారు వచ్చి చెప్పినదేమంటే, వాహనం లోపలినుండి కనబడిన సింహాలు కూడా నిద్రపోతూనే ఉన్నాయట. అమ్మాయికి మాత్రం అవి తన వాహనం పక్కనే నిద్రపోవడం గొప్ప సంగతి.

ఎండ ఎక్కింది. జనవరిలోనే రాయలసీమ ఎండ అలా ఉంటే ఏప్రిల్, మే నెలల గురించి చెప్పనక్కరలేదు. వేసవి సెలవులలో తప్ప వీలుపడనివారు గేటు తెరిచే వేళకు చేరుకొని పదకొండున్నరకు వెనుదిరగడం మంచిది. పసిబిడ్డ దాహమని చెప్పలేదు. పెదవులు ఎండడం, చాలాసేపు మూత్రం పోయకపోవడం, ఉన్నట్టుండి మందకొడిగా మారడం గమనించుకోవాలి. తల్లిపాలు తాగే పాపకు మాటిమాటికీ పాలు పట్టాలంటే నీడ, కాస్త మరుగు ఉన్న చోటు కావాలి. మాకు పనికివచ్చిన వస్తువు ఒక పెద్ద నూలు దుపట్టా. అదే ఎండకు గొడుగు, పాలు పట్టేటప్పుడు పరదా, నిద్రకు ఉయ్యాల. చక్రాల పిల్లల బండి తెచ్చిన కుటుంబాలు బండిని తోస్తూ, బిడ్డను చంకనెత్తుకొని నడుస్తూ కనిపించాయి. ముసలివారికి, మోకాళ్ల నొప్పులవారికి బ్యాటరీ బండి ఎక్కడం తప్పనిసరి; అది ఎక్కడెక్కడ ఆగుతుందో ముందే అడిగి తెలుసుకోవాలి. వారంలో సెలవు రోజు ఏదో, సఫారీ నడుస్తున్నదో లేదో కూడా బయలుదేరే ముందే కనుక్కోవాలి.

ఏనుగును చూశాము. అది నాలుగో జంతువు. నెమళ్లు లెక్కలోకి రావు, అవి వాటంతట అవే ఎదురొచ్చాయి. పులి దగ్గరికి వెళ్లలేదు, పాములను చూడలేదు. శేషాచలం కొండలను 2010లో జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించారనీ, ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెద్దగా పెరగని ఎర్రచందనం ఈ కొండలలోనిదేననీ పెద్దమ్మాయికి చెప్పబోయాము. ఆమె ఒక ఎండుటాకును పట్టుకొని, “ఇది ఎర్రగా లేదే” అన్నది. ఆ పాఠం అక్కడితో ఆగిపోయింది.

జుహ్ర్ వేళకు ఒక పెద్ద చెట్టు నీడలో, దారికి దూరంగా, శుభ్రమైన నేల చూసుకొని దుపట్టా పరచుకున్నాము. ఒకరి తరువాత ఒకరం నమాజు చేసుకోవాలనీ, మిగిలినవారు పిల్లలను చూసుకోవాలనీ అనుకున్నాము. మొదటివారు నిలబడ్డారో లేదో చిన్నపాప ఆకలికి ఏడుపు అందుకున్నది. చిన్నవాడు సజ్దాలో ఉన్నవారి వీపు ఎక్కాడు. పసివాడి ఏడుపు వినిపిస్తే తల్లి మనసు కలత చెందుతుందని దైవప్రవక్త (స) పొడిగించదలచిన నమాజును కుదించేవారన్న హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. ఇంట్లో ఎన్నోసార్లు చదివిన హదీసే. ఆ రోజు చెట్టు కింద అది మా పని తేలిక చేసింది. దారిన పోతున్న ఒక పెద్దమ్మ, బొట్టు పెట్టుకొని, చేతిలో పూల సంచితో ఉన్నావిడ, ఏమీ అడగకుండా పాపను ఎత్తుకొని మా నమాజులు ముగిసేవరకు ఊపుతూ నిలబడింది. “మా మనవరాలూ ఇంతే” అని పాపను తిరిగి ఇచ్చి వెళ్లిపోయింది. ఊరు, పేరు కనుక్కోలేకపోయాము.

ఒంటి గంటకు గేటు బయట ఉన్నాము. లోపలికి వస్తున్నవారిలో ఒకాయన మమ్మల్ని చూసి, “అప్పుడే అయిపోయిందా? అన్నీ చూశారా?” అని అడిగాడు. లేదన్నాము. ఆయన జాలిపడ్డాడు.

బస్సులో చిన్నవాడు పాకాల రాకముందే నిద్రపోయాడు. పెద్దమ్మాయి దాదీమా ఒడిలో తల పెట్టుకొని, సర్కసు సింహానికి మంట తగిలేదా, జూలు కాలేదా, దానికి పేరుండేదా అని ఒక్కొక్కటే అడుగుతూ వచ్చింది. పేరు ఉండేదట. దాదీమా ఎంత గుర్తు చేసుకున్నా అది జ్ఞాపకం రాలేదు. పూతలపట్టు దాటేవరకు ప్రయత్నిస్తూనే ఉన్నారు.